గెయిన్ తిప్పే ముందు

రిమోట్ హెలికాప్టర్ అనగానే తిరునాళ్ళలో అమ్మే పిల్లల బొమ్మ మనసులో మెదలవచ్చు. ఈ పూట మాట్లాడుకునేది దాని గురించి కాదు. అసలు హెలికాప్టర్‌లో ఉండే రోటర్ తల, రెక్కల కోణాలు మార్చే స్వాష్‌ప్లేట్, గేర్లు, తోక రోటర్ అన్నీ చిన్న రూపంలో ఉండి, కట్టుకున్నవాళ్ళే విప్పుకుని బాగుచేసుకోవలసిన యంత్రం గురించి. ఈ రకంలో దేశదేశాల అభిరుచిగాళ్ళ చేతుల్లో బాగా నలిగినది తైవాన్‌కు చెందిన అలైన్ కంపెనీ టీ-రెక్స్ 450. రెక్క ఒక్కోటి 325 మిల్లీమీటర్లు, రోటర్ అడ్డకొలత సుమారు 70 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు ముప్పావు కిలో అటూఇటూ. నేను చెప్పే అంకెలన్నీ ఆ తరగతివే. ఇలాంటి హెలికాప్టర్ వణికినా, తోక ఊగినా, ఒక పక్కకు లాగినా ఇప్పుడు చాలామంది చేసే మొదటి పని ఒకటే. ట్రాన్స్‌మిటర్ అందుకుని, లేదా ఫోనులో ఆప్ తెరిచి, తిరుగుడును కొలిచి నిలకడ ఇచ్చే గైరో సెట్టింగులు మార్చడం. ఆ పని వరస తప్పిందన్నది నా వాదన. ముందు యంత్రం చూడాలి, తర్వాత కరెంటు సంగతి చూడాలి, సెట్టింగు జోలికి ఆఖరున పోవాలి. ఈ వరస తిరగబడితే లోపం పోదు, కాసేపు కనపడకుండా ఉంటుందంతే.

దీనికి మొదటి సాక్ష్యం అంకెల్లోనే ఉంది. ఇంట్లో సీలింగ్ ఫ్యాను పూర్తి వేగంలో నిమిషానికి 350 చుట్ల దాకా తిరుగుతుంది. ఒక రెక్క కాస్త వంగితే ఫ్యాను ఊగుతుంది. ఊగుతున్నా ఏళ్ళ తరబడి వాడేస్తాం. ఈ హెలికాప్టర్ పెద్ద రోటర్ నిమిషానికి 2500 చుట్లు తిరుగుతుంది. ఫ్యానుకు ఏడింతలు. కానీ బయటికి లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది కనుక, అదే బరువు అదే దూరంలో ఉంటే లాగుడు దాదాపు యాభై ఇంతలు. రెక్క కొస గంటకు 330 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతూ ఉంటుంది. ఆ కొసన ఉన్న ఒక్క గ్రాము, రెండున్నర కిలోల బరువంత బలంతో బయటికి గుంజుతుంది. హెలికాప్టర్ మొత్తం బరువే ముప్పావు కిలో అని గుర్తుంచుకోండి. ఒక రెక్క కొసన గ్రాములో పదో వంతు తూగే టేపు ముక్క ఎక్కువైతే చాలు, పావు కిలో బలం సెకనుకు నలభైకి పైగా చుట్లు తిరుగుతూ షాఫ్టును లాగుతూనే ఉంటుంది. తోక దగ్గర సంగతి ఇంకా తీవ్రం. గేర్ల లెక్క ప్రకారం పెద్ద రోటర్ ఒక చుట్టు తిరిగేసరికి తోక రోటర్ 4.24 చుట్లు తిరుగుతుంది. అంటే నిమిషానికి 10,600, సెకనుకు 177. అక్కడ గ్రాములో నూరో వంతు తేడా కూడా 90 గ్రాముల లాగుడు అవుతుంది. రెక్కల జతను తూచి చూసుకోవడం, తేలిక రెక్కకు చిన్న టేపు అంటించి సమం చేయడం చాదస్తంలా కనిపించవచ్చు. ఈ అంకెలు చూశాక అలా అనిపించదు.

ఈ వణుకు గైరోకు ఎలా చేరుతుందో చూద్దాం. జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ 1960ల చివర్లో, అదుపులో నిలకడగా ఎగిరే మోడల్ హెలికాప్టర్లను రూపొందించిన తొలివారిలో ఒకరు. ఆ తరం నుంచి సుమారు నాలుగు దశాబ్దాల పాటు ఈ హెలికాప్టర్లకు నిలకడ ఇచ్చింది రోటర్ తల మీద అడ్డంగా ఉండే ఊచ, దాని రెండు చివర్ల ఉండే చిన్న తెడ్లు. ఫ్లైబార్ అంటారు దాన్ని. అది పూర్తిగా యాంత్రికమైన ఏర్పాటు. ఎక్కడైనా ఇరుసు వంగినా, లింకు వదులైనా ఎగురుతుండగానే తెలిసిపోయేది. 2010 ప్రాంతం నుంచి ఫ్లైబార్ పోయి, ఆ పని మూడు అక్షాల గైరో ఉన్న చిన్న పెట్టె చేస్తోంది. అందులోని సిలికాన్ చిప్పులో కంటికి ఆననంత చిన్న ముక్క ఎప్పుడూ కంపిస్తూ ఉంటుంది. చిప్పు తిరిగితే ఆ కంపనం పక్కకు తప్పుతుంది. ఎంత తప్పిందో కొలిచి, సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరిగిందో చెబుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. బయటి వణుకు కూడా ఆ ముక్కనే కదిలిస్తుంది. పైగా ఆ పెట్టెలోని కంట్రోలర్ ఆ కొలతను ఎడతెగకుండా చూడదు, సెకనుకు ఇన్నిసార్లని విడివిడిగా తీసుకుంటుంది. బాగా వేగమైన వణుకు ఆ కొలతల మధ్య పడి, హెలికాప్టర్ నిదానంగా తిరుగుతున్నట్టు తప్పుడు కబురు ఇవ్వగలదు. లేని తిరుగుడును సరిదిద్దడానికి కంట్రోలర్ సర్వోలను, అంటే రెక్కల కోణాలు మార్చే చిన్న మోటార్లను, కదిలిస్తుంది. ఎగరేసేవాళ్ళకు అది తోక తనంతట జరిగిపోవడంగా కనిపిస్తుంది. అప్పుడు గెయిన్ అనే సెట్టింగు మీద చెయ్యి వేస్తే, తప్పుడు కబురుకు ఎంత గట్టిగా స్పందించాలో మార్చినట్టే అవుతుంది తప్ప కబురు నిజం కాదు.

తోక ఊపునే తీసుకుందాం, అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే బాధ ఇది. గెయిన్ అంటే, తోక ఇంత తప్పితే సర్వో ఎంత కదలాలో చెప్పే లెక్క. అది మరీ ఎక్కువైతే సర్వో చేసిన దిద్దుబాటు తోకకు చేరేసరికి ఆలస్యమై, తోక అవతలి పక్కకు దాటిపోతుంది. మళ్ళీ ఇవతలికి, మళ్ళీ అవతలికి. ఇది వేగంగా, చిన్నగా, ఒకే లయలో ఉండే ఊపు. నిజంగా గెయిన్ తగ్గిస్తే పోయేది ఇదే. రెండో రకం ఊపు నిదానంగా, లయ లేకుండా ఉంటుంది. దానికి కారణం తరచుగా లింకుల్లో ఉన్న వదులు, లేదా పట్టేసిన కదలిక. సర్వో కొంచెం కదులుతుంది, ఆ కదలిక వదులులోనే ఖర్చయిపోతుంది, తోక కదలదు. కంట్రోలర్ ఇంకొంచెం కదిలిస్తుంది. వదులు అయిపోగానే తోక ఒక్కసారిగా గెంతుతుంది. ఈ రెండో ఊపుకు కూడా గెయిన్ తగ్గిస్తే గెంతు మెత్తబడి, జబ్బు నయమైనట్టే కనిపిస్తుంది. కానీ అదే హెలికాప్టర్‌ను గట్టిగా పైకి లేపిన క్షణాన తోక పట్టు తప్పి తిరిగిపోతుంది. ఎందుకంటే పట్టు ఇవ్వాల్సిన గెయిన్‌నే మనం తగ్గించేశాం.

ఆ వదులును పట్టుకోవడానికి కంప్యూటరు అక్కర్లేదు. తోక సర్వో కొమ్ము మీద నుంచి లింకును ఊడదీసి, తోక గొట్టం వెంట పోయే సన్నని ఊచను వదిలేయండి. హెలికాప్టర్‌ను నిలువుగా ఎత్తితే ఆ ఊచ తన బరువుకే జారాలి, తలకిందులు చేస్తే మళ్ళీ అటు జారాలి. ఎక్కడైనా ఆగిందా, దోషం అక్కడే. గొట్టానికి బిగించిన గైడు పక్కకు తిరిగి ఉండవచ్చు, తోక ఇరుసు మీద జారే భాగంలో దుమ్ము చేరి ఉండవచ్చు, లేదా ప్లాస్టిక్ బాల్ లింకు గుండు మీద బిగుసుకుని ఉండవచ్చు. అలైన్ లింకుల మీద ఒక పక్క 'ఏ' అనే ఇంగ్లీషు అక్షరం అచ్చు వేసి ఉంటుంది. ఆ పక్క బయటికి ఉండేలా గుండు మీద నొక్కాలి. తిరగేసి నొక్కితే లింకు ఎక్కుతుంది, ఎగురుతుంది కూడా, కానీ బిగుతుగా కదులుతుంది, గుండును వదిలేసే ప్రమాదమూ ఉంది. లింకు మళ్ళీ పెట్టాక సర్వో కొమ్మును ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో తోక రెక్కల పట్టును మెల్లగా అటూఇటూ నొక్కి చూడండి. కొస ఎంత కదిలితే అంత వదులు ఉన్నట్టు. అరిగిన లింకు మార్చడానికి అయ్యేది కొద్ది ఖర్చే. దాన్ని వదిలేసి గెయిన్ మీద గంటలు పోయడం దండగ.

వణుకు ఎక్కడ పుడుతోందో తెలియకపోతే ఏం చేయాలి? విడదీస్తూ పోవాలి. పెద్ద రెక్కలూ తోక రెక్కలూ తీసేసి, ఖాళీ రోటర్ తలను మోటారుతో తిప్పండి. అప్పుడూ వణికితే దోషం షాఫ్టులోనో, గేర్లలోనో, మోటారులోనో ఉంది. మోటారు మీది చిన్న గేరును, అంటే పినియన్‌ను, పెద్ద గేరు నుంచి ఎడం చేసి మోటారును విడిగా తిప్పితే అందులోనూ సగం తేలిపోతుంది. రెక్కలు లేకుండా నున్నగా తిరిగిందా, ముందు తోక రెక్కలు, తర్వాత పెద్ద రెక్కలు పెట్టి చూడాలి. ఏది పెట్టగానే వణుకు తిరిగొచ్చిందో అదే దోషి. కంటికి కూడా కొంత తెలుస్తుంది. తోక రెక్కల దగ్గర పుట్టే వణుకు సెకనుకు 177 సార్లది కనుక, నిలువు తోక పలక అంచు మసకగా, రెండుగా కనిపిస్తుంది. పెద్ద రోటర్‌ది సెకనుకు నలభై చిల్లర కనుక కింది కాళ్ళు తడబడుతున్నట్టు కనిపిస్తాయి. తోక రెక్కల బోల్టులు మరీ బిగిస్తే రెక్కలు తిరుగుతూ తమంతట తిన్నగా సర్దుకోలేవు. తోక వణుకులో చాలాసార్లు మందు ఆ రెండు బోల్టులను కాస్త వదులు చేయడమే.

రోటర్ తలలో చూడాల్సినవి మూడు. రెక్కల పట్లను కలుపుతూ అడ్డంగా పోయే సన్నని ఉక్కు ఇరుసు, అంటే ఫెదరింగ్ షాఫ్టు, చిన్న పాటుకే వంగుతుంది. దాన్ని విప్పి గాజు పలక మీద దొర్లించి, కింద నుంచి వెలుతురు వచ్చిపోతుందేమో చూడాలి. పడిన ప్రతిసారీ చూడాలి. రెండోది ఆ పట్లలో ఉండే థ్రస్ట్ బేరింగు. దీనికి రెండు ఉంగరాలు, చూపుకు కవలలే, కానీ ఒకదాని బెజ్జం వెంట్రుకవాసి పెద్దది. పెద్ద బెజ్జంది రోటర్ మధ్య వైపు, చిన్నది బయటి స్క్రూ వైపు ఉండాలి. తారుమారైతే రెక్కలు గట్టిగా బయటికి లాగుతున్నప్పుడు పట్టు తేలిగ్గా తిరగదు, సర్వోలు మొరాయిస్తాయి, హెలికాప్టర్ మాట వినదు. నేల మీద చేత్తో తిప్పి చూస్తే ఏ తేడా తెలియదు కాబట్టి, ఇది సెట్టింగు లోపమనే భ్రమ కలిగించడంలో అన్నిటికంటే ముందుంటుంది. మూడోది ట్రాకింగ్. రెండు రెక్కల కొసలకూ వేరువేరు రంగుల టేపు అంటించి తిప్పితే, ఏ రంగు పైన తిరుగుతోందో దూరం నుంచి తెలుస్తుంది. ఆ రెక్క లింకును అరచుట్టు తిప్పి కోణం తగ్గించి మళ్ళీ చూడాలి. కొసలు రెండూ ఒకే గీత మీదికి వచ్చేదాకా ఇదే పని.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో గట్టిది ఒకటుంది. ఇప్పటి కంట్రోలర్లలో వణుకును వడగట్టే ఫిల్టర్లు ఉన్నాయి, వణుకు ఎంతో కొలిచి చూపేవీ ఉన్నాయి, ఇంకా చేతులతో ఈ తంటా ఎందుకు అంటారు. ఫిల్టర్లు పనిచేస్తాయి, కాదనను. కానీ ప్రతి ఫిల్టరూ కొంత ఆలస్యం చేస్తుంది. వేగమైన కదలికలను నమ్మకుండా ఆగి చూడడమే దాని పని. ఇందాక చెప్పుకున్నట్టు ఊపుకు మూలమే ఆలస్యం. వణుకు ఎక్కువైన కొద్దీ ఫిల్టరు బిగించాలి, బిగించిన కొద్దీ పెట్టగలిగిన గెయిన్ తగ్గిపోతుంది, చివరికి హెలికాప్టర్ మొద్దుబారుతుంది. ఇంకో మాట. ఫిల్టరు వణుకును కొలతలోంచి తీస్తుంది, లోహంలోంచి కాదు. స్క్రూలు వదులవుతూనే ఉంటాయి, బేరింగులు అరుగుతూనే ఉంటాయి, బ్యాటరీ ప్లగ్గు దగ్గర టంకం పగులుతూనే ఉంటుంది. లోహం లోహంలోకి పోయే ప్రతి స్క్రూకూ వదులవకుండా పట్టే జిగురు, అంటే ఒక చుక్క థ్రెడ్‌లాక్ వేయాలన్నది అందుకే. వణుకును కొలిచి చూపే సదుపాయాన్ని మాత్రం నేను మనసారా మెచ్చుకుంటాను. దాన్ని లోపం వెతకడానికి వాడాలి, దాచడానికి కాదు.

సెట్టింగు వల్లే వచ్చే లోపాలు ఉండవా అని అడిగితే, తప్పకుండా ఉంటాయి. కొత్తగా కట్టిన, ఎక్కడా వదులు లేని హెలికాప్టర్ కూడా పెట్టెలోంచి వచ్చిన గెయిన్‌తో ఊగవచ్చు. అప్పుడు గెయిన్‌ను వేగమైన చిన్న ఊపు మొదలయ్యేదాకా పెంచి, అక్కడి నుంచి కాస్త తగ్గించడం సరైన పద్ధతి. యంత్రం లోపానికీ సెట్టింగు లోపానికీ తేడా కనిపెట్టడానికి ఒక ప్రశ్న చాలు: ఇది మొదటి నుంచీ ఉన్నదా, కొత్తగా వచ్చిందా? నిన్న చక్కగా ఎగిరిన హెలికాప్టర్ ఇవాళ ఊగితే, సెట్టింగు రాత్రికి రాత్రి తనంతట మారలేదు. మారింది లోహమో, ప్లాస్టిక్కో, బ్యాటరీయో. పడి లేచిన హెలికాప్టర్ విషయంలో అయితే ఇక సందేహమే అక్కర్లేదు. ఇతరుల అంకెలు తెచ్చి పెట్టుకోవడం కూడా ఇందుకే పనికిరాదు. ఒకే మోడల్ హెలికాప్టర్లు రెండిట్లో సర్వోల వేగం వేరు, లింకుల అరుగుదల వేరు. ఆ అంకెలు మొదలుపెట్టడానికి అక్కరకొస్తాయి, అంతే. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి. రెండు కలిపి మారిస్తే బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు.

లోపం కానిదాన్ని లోపమనుకుని దిద్దబోవడం ఇంకో చిక్కు. మోడల్ హెలికాప్టర్లలో ఎక్కువ వాటికి పెద్ద రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముళ్ళలా తిరుగుతుంది. దాని ఎదురుదెబ్బకు ముక్కు ఎడమకు తిరగబోతుంది. దాన్ని ఆపడానికి తోక రోటర్ తోకను ఎడమకు తోస్తుంది. ఆ తోపు హెలికాప్టర్ మొత్తాన్నీ కూడా ఎడమకు జరుపుతుంది కనుక, ఒకచోట నిలిచి ఉండాలంటే హెలికాప్టర్ కాస్త కుడికి వాలి తీరాలి. ఆ వాలు చూసి, దాన్ని దిద్దడానికి ట్రాన్స్‌మిటర్ మీది ట్రిమ్ నొక్కుతారు కొత్తవాళ్ళు. ఫ్లైబార్ రోజుల్లో ట్రిమ్ చెల్లింది. గైరో పెట్టె ఉన్నదానిలో ట్రిమ్ అంటే "ఆగకుండా అటు తిరుగుతూ ఉండు" అని ఆజ్ఞ ఇచ్చినట్టు. నేల మీద ఉండగానే స్వాష్‌ప్లేట్ మెల్లగా ఒరిగిపోతుంది. నిజంగానే ఒక పక్కకు లాగుతుంటే సరిచేయాల్సింది స్వాష్‌ప్లేట్ మట్టం, సర్వో కొమ్ముల కోణం. అలాగే నేలకు రోటర్ అడ్డకొలతంత ఎత్తులోపు ఎగిరేటప్పుడు, తాను తోసిన గాలే తిరిగొచ్చి హెలికాప్టర్‌ను అల్లల్లాడిస్తుంది. ట్యూనింగు బాగుందో లేదో అక్కడ తేల్చకూడదు.

కరెంటు సంగతి త్వరగా చెప్పుకుందాం. మూడు సెల్లుల లైపో బ్యాటరీ నిండుగా 12.6 వోల్టులు, దిగిపోతున్నప్పుడు 11 దగ్గర. రోటర్ వేగం పది శాతం పడిపోతే తోక తోపు పందొమ్మిది శాతం తగ్గుతుంది, ఎందుకంటే ఇక్కడా వర్గం లెక్కే. ఎగురుడు ఆఖర్లో తోక మెత్తబడిందని గెయిన్ పెంచేవాళ్ళు ముందు చూడాల్సింది బ్యాటరీ వయసు. మన వేసవి దీనికి తోడు. రెంటచింతల ఎండలో 42 డిగ్రీల గాలి, 15 డిగ్రీల గాలి కంటే ఎనిమిది శాతం పైగా పలచన. చల్లటి దేశాల్లోని వాళ్ళు చెప్పిన పిచ్ అంకెలతో, అంటే రెక్కల కోణాలతో, మే నెలలో హెలికాప్టర్ బరువుగా అనిపిస్తే, అది హెలికాప్టర్ తప్పు కాదు.

నాలుగు రోటర్ల డ్రోన్లు తమంతట గాలిలో నిలబడుతుంటే ఈ పాత పద్ధతి శ్రమ ఎవరికి కావాలి అనేవాళ్ళూ ఉన్నారు. మామూలు డ్రోన్‌లో రెక్కల కోణం మారదు, మోటార్ల వేగమే మారుతుంది. మోటారు ఆగితే అది పడిపోతుంది. ఈ హెలికాప్టర్‌లో మోటారు ఆగినా, దిగుతున్న గాలితో రోటర్‌ను తిరుగుతూ ఉంచి, నేల దగ్గర ఆ తిరుగుడులో దాచిన శక్తినే వాడి మెత్తగా దించవచ్చు. ఆటోరొటేషన్ అనే ఈ విద్యకు సెట్టింగు ఒక్కటే చాలదు. బేరింగులు స్వేచ్ఛగా తిరిగితేనే అది కుదురుతుంది. చదువుకునే పిల్లలకు బలం, భ్రమణం, ఫీడ్‌బ్యాక్ అనే మాటలను చేతికి తగిలేలా చూపే యంత్రాలు ఇంతకంటే ఎన్ని ఉన్నాయి? ఈ శ్రమకు విలువ ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

వరస గురించి ఇంత పట్టుబట్టడానికి ప్రాణాల లెక్క కూడా ఉంది. 2013 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పార్కులో, ఇంతకంటే పెద్ద తరగతి మోడల్ హెలికాప్టర్ ఎగరేస్తూ దాని రెక్కల దెబ్బకే 19 ఏళ్ళ యువకుడు చనిపోయాడు. మన దేశంలో 2021 డ్రోన్ నియమాలున్నాయి. ఎగరేసే ముందు ప్రభుత్వ గగనతల పటంలో మీ చోటు ఎగరేయడానికి తగినదేనా అని చూసుకోండి. ఇక ప్రతిరోజూ మొదటి ఎగురుడుకు ముందు ఒక పరీక్ష మానకండి. రోటర్ తిరగకుండా, హెలికాప్టర్‌ను చేత్తో ముందుకు వంచండి. స్వాష్‌ప్లేట్ వెనక్కి వాలాలి. కుడికి వంచితే ఎడమకు వాలాలి. ముక్కును ఎడమకు తిప్పితే, మీరు కుడి రడ్డర్, అంటే ముక్కును కుడికి తిప్పే ఆదేశం, ఇచ్చినప్పుడు తోక సర్వో ఎటు కదులుతుందో అటే కదలాలి. వీటిలో ఒక్కటి తిరగబడినా నేల వదిలిన క్షణంలోనే హెలికాప్టర్ బోల్తా కొడుతుంది, లేదా గిరగిరా తిరిగిపోతుంది. బల్ల మీద ఈ పని చేసేటప్పుడు మోటారుకు పోయే మూడు తీగలూ ఊడదీసి ఉంచండి. మైదానంలో మొదటిసారి తిప్పేటప్పుడు కనీసం పది మీటర్ల దూరంలో నిలబడండి, చూడవచ్చిన పిల్లలను మీ వెనక నిలబెట్టండి.